ఫోటో అంచున పెళ్లికూతురు

మా ఇంట్లో ఫోటో దిగే సందర్భం వచ్చిందంటే అత్తకు వంటింట్లో ఏదో ఒక పని గుర్తొచ్చేది. పాలు పొంగుతున్నాయనో, పెరట్లో ఆరేసిన నూలు గాలికి చిక్కుపడుతుందనో చెప్పి లేచి వెళ్లేది. ఫోటోగ్రాఫరు తన పని ముగించుకున్నాక అందరికీ చాయ పట్టుకుని మళ్లీ కనిపించేది. నా మొదటి పుట్టినరోజు ఫోటోలో నేను తొడుక్కున్న పట్టు గౌను ఆమె కుట్టిందే. ఆ ఫోటోలో ఆమె లేదు. డిగ్రీ చదివేటప్పుడు వక్తృత్వ పోటీలో గెలిచిన కప్పు పట్టుకుని ఇంటి ముందు దిగిన ఫోటోలో కూడా లేదు. ఆ రోజు నేను మాట్లాడిన అంశం స్త్రీల సమానత్వం.

ఆమె మా బాపుకు అక్క. దేవరకొండ దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్లి, కొద్ది కాలానికే భర్తను పోగొట్టుకుని, పిల్లలు లేకుండా కొత్తకోటలోని పుట్టింటికి తిరిగి వచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు. నాకు ఊహ తెలిసేసరికి మా ఇంట్లో రెండు గుంత మగ్గాలు ఉండేవి. ఒకదాని గుంతలో బాపు కాళ్లు, రెండోదాని గుంతలో అత్త కాళ్లు. అమ్మ రాట్నం ముందు కూర్చుని పోగును కండెలకు చుట్టేది. చీర అంచు నేయడంలో తన చేతికన్నా అక్క చెయ్యే నిలకడైనదని బాపే నలుగురిలో ఒప్పుకునేవాడు. అత్త నేసిన పట్టుచీరలు ఎందరో పెళ్లికూతుళ్ల ఒంటి మీదికి వెళ్లాయి. ఆ పెళ్లిళ్లకు పిలుపు వస్తే మాత్రం ఆమె తాళి కట్టే వేళ దాటాక వెళ్లి, చివరి పంక్తిలో తిని వచ్చేది.

ఆమెను పక్కకు జరగమని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. ఎవరూ అనకుండానే ఆమె జరగడమే నాకు మింగుడుపడేది కాదు. హైదరాబాదులో చదువుతున్న రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ విషయం మీద ఆమె మగ్గం ముందు నిలబడి వాదించేదాన్ని. పోటీలో మాట్లాడినట్టే ముందు ప్రతిపాదన, తరువాత ఆధారాలు, చివర ఖండన. అత్త పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసురుతూనే అంతా వినేది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అనేది, "మస్తు చెప్పినవ్ బిడ్డా. జర ఆ కండె అందియ్యి."

నేను పీజీ పూర్తిచేసి మహబూబ్‌నగర్‌లో ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఏడాది, కల్వకుర్తి వైపు నుంచి ఒక పెద్దమనిషి చీరల కోసం మా ఇంటికి వచ్చాడు. చాలా ఏళ్ల క్రితమే అమెరికా వెళ్లి, అక్కడి తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసే పని చేస్తూ, అక్కడి పౌరుడయ్యాడు. భార్య జబ్బుచేసి పోయింది. ఉన్న ఒక్క కూతురి పెళ్లికి చీర నేయించాలని వచ్చాడు. వస్తూ భార్య పాత చీరలోంచి కత్తిరించిన ఒక ముక్క తెచ్చాడు. కొత్త చీర అంచు ఆ రంగులోనే ఉండాలన్నాడు. ఆ రంగు కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒకసారి, నేత మొదలయ్యాక ఒకసారి, సగమయ్యాక మరోసారి వచ్చాడు. వచ్చినప్పుడల్లా అత్త మగ్గం పక్కన గడప మీద కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. అమ్మ ఇచ్చిన చాయ చేతిలో చల్లారిపోయేది.

కూతురి పెళ్లి అయ్యాక చీర బాగుందని చెప్పడానికి ఫోన్ చేశాడు. ఆ తరువాత మళ్లీ చేశాడు. కొన్నాళ్లకు ఆ కూతురే మా బాపుకు ఫోన్ చేసి, ఎంతో జాగ్రత్తగా, తన తండ్రి మనసులో మాట చెప్పింది. బాపు ఆ పూట మగ్గం మీద కూర్చోలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. అమ్మే ముందుగా మాట్లాడింది. వదినె ఏమంటదో అడగాలె గాని నడుమ మనం అనేదేముంది, అంది.

అడగవలసింది అత్తను. నేను మాత్రం ముందు ఆయనను అడగాలనుకున్నాను. స్త్రీని ఇంటిపనికి తీసుకుపోయి దానికి పెళ్లి అని పేరు పెట్టడం గురించి నేను ఎన్నో వేదికల మీద మాట్లాడి ఉన్నాను. మా ఇంటి విషయంలో నోరు మూసుకుంటే ఆ మాటలన్నిటికీ విలువేముంది? ఆయన ఆ వారం మా ఇంటికి రాగానే ముందు గదిలో ఎదురుగా కూర్చున్నాను. లోపలి గదిలో అత్త మగ్గం ఆడుతున్నది. మీకు కావలసింది వండిపెట్టే మనిషా, భార్యా అని సూటిగా అడిగాను. అమ్మ చాయ పళ్లెంతో గుమ్మంలోనే నిలిచిపోయింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది.

ఆయన కోప్పడలేదు. "వంట నాకొస్తది బిడ్డా. ఒక్కనికే వండుకుని ఒక్కణ్నే కూసొని తినుడే చాతనైతలేదు," అన్నాడు.

నేను అంతటితో వదల్లేదు. ఆరోగ్యం గురించి అడిగాను. కూతురి ఇష్టం గురించి అడిగాను. ఇక్కడికే వచ్చి ఎందుకు ఉండరని అడిగితే, ఉద్యోగం ఇంకా కొన్నేళ్లుందని, మధ్యలో వదిలితే పింఛను తగ్గుతుందని దాచకుండా చెప్పాడు. మా అత్త మగ్గం సంగతేమిటన్నాను. ఆయన ఇంటి కింద విశాలమైన గది ఉందట. మగ్గం పెట్టవచ్చునట. నేలలో గుంత తవ్వనిస్తారో లేదో మాత్రం అక్కడి మునిసిపాలిటీని అడగాలన్నాడు. ఆ మాటకు లోపలి నుంచి నవ్వు వినిపించింది. మగ్గం మళ్లీ ఆడడం మొదలైంది. అమ్మ లోపలికి వచ్చి, జవాబులు చెప్పుకుంట కూసుంటే చాయ సల్లారుతది తాగుండ్రి అన్నా, అని పళ్లెం ఆయన ముందు పెట్టింది.

ఆ సాయంత్రం అత్తను అడిగాను. ఆమె నాడెలోని పోగు సరిచేస్తూ చెప్పింది. "ఆయన ఊకె మాట్లాడడు. మగ్గం సప్పుడు ఇనుకుంట కూసుంటడు. నాకు గంతే సాలు."

పెళ్లి ఊరి చివరి చిన్న గుడిలో జరిగింది. ఇంటి మనుషులం, ఆయన తరఫున కూతురు, అల్లుడు, ఇద్దరు ముగ్గురు బంధువులు. ఇన్నేళ్లూ లోకానికి పెళ్లిచీరలు నేసిన మనిషికి పెళ్లిచీర తానే నేస్తానని బాపు పట్టుబట్టాడు. ఆమెను ఆ మగ్గం వైపు రానివ్వలేదు. చింతపిక్క రంగు చీర, పచ్చటి అంచు. కట్టుకున్నాక అత్త అంచును చేత్తో నిమురుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. "జర గుంజింది తమ్మీ," అంది. పోగు బిగిసిపోయి అంచు అక్కడ సన్నగా వంకర తిరిగింది. బాపు తల గోక్కున్నాడు. ఆమె ఆ వంకరను మడతలోకి దాచుకోలేదు. బయటికే కనిపించేలా కుచ్చిళ్లు సర్దుకుంది.

ఊళ్లోని స్టూడియో అతను ఫోటోలు తీశాడు. తరువాత రిజిస్ట్రారు కార్యాలయంలో పెళ్లి నమోదు చేయించాం. దానికోసం అత్త మొదటి భర్త మరణ ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చింది. ఆయన పోయినప్పుడు ఎవరూ ఎక్కడా రాయించలేదు. బాపు, అత్త దేవరకొండ వైపు చాలాసార్లు తిరిగి, ఆ పల్లెలో అప్పటి సంగతి తెలిసిన ముసలివాళ్ల చేత చెప్పించి, చివరకు సంపాదించారు. ఆ కాగితాన్ని అత్త చాలాసేపు చూసింది. పెళ్లితో నాకు మామ అయిన ఆ పెద్దమనిషి అప్పుడు కల్వకుర్తిలో ఉంటే, ఫోన్ చేసి చెప్పింది. పోయినప్పుడు ఆయనకు ఎంత వయసు అని మాత్రం మామ అడిగాడట. మామ మొదటి భార్య మరణ పత్రం, అత్త మొదటి భర్త మరణ పత్రం ఒకే కవరులో పెట్టాం. ఆ కవరును అత్త దేవుడి అరలో ఉంచింది.

మామ తిరిగి వెళ్లి, తన భార్యను తీసుకురావడానికి అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాడు. పౌరుడి భార్యకు వీసా వస్తుంది, అక్కడ దిగాక గ్రీన్ కార్డు వస్తుంది. వినడానికి ఇంతే. మధ్యలో ఎదురుచూపు ఏడాది దాటింది. ఆ ఏడాదంతా వాళ్లిద్దరి సంసారం మా మగ్గం మీదే జరిగింది. అత్త ఫోన్‌ను మగ్గం కర్రకు ఆనించి పెట్టేది. అక్కడ రాత్రి పని ముగించుకుని వచ్చిన మామ తన వంటగదిలో ఫోన్ నిలబెట్టుకుని కూరగాయలు తరిగేవాడు. ఈమె నేసేది. గంటల తరబడి కాల్ నడిచేది, మాటలు మాత్రం నాలుగైదుకు మించవు. ఒకసారి నేను పక్కనే ఉండగా, చాలాసేపటి నిశ్శబ్దం తరువాత మామ, పోగు తెగినట్టున్నది, అన్నాడు. చప్పుడు మారిందట. అత్త చూసుకుంటే నిజంగానే తెగింది.

దరఖాస్తు మొదటి దశ దాటాక పెళ్లి నిజమైనదని నిరూపించే ఆధారాలు పంపాలన్నారు. ఆ తరువాత ముంబయిలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఇలాంటి పనులు చూసే ఒకాయన హైదరాబాదులో ఉన్నాడంటే, పెళ్లి ఆల్బం పట్టుకుని బాపూ నేనూ వెళ్లాం. ఆయన ఆల్బం మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. మళ్లీ మొదటికి వచ్చాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "పెండ్లిపిల్ల ఏదమ్మా?" అన్నాడు.

మామ పక్కన పట్టుచీరలో నిలబడ్డ యువతి మీద వేలు పెట్టి, ఈమేనా అని అడిగాడు. ఆమె ఆయన కూతురు అని బాపు కంగారుగా చెప్పాడు.

అప్పుడు చూశాం. జీలకర్ర బెల్లం పెట్టే ఫోటోలో పూజారి వీపు అడ్డుగా ఉంది. ఆ వీపు పక్కనుంచి ఒక మోచేయి కనిపిస్తున్నది. తాళి కట్టే ఫోటోలో అత్త తల ఎంత వంచిందంటే కొప్పులోని పూలు తప్ప మరేమీ లేదు. తలంబ్రాల ఫోటోలో గాలిలో బియ్యం ఉన్నాయి, చీర అంచు ఉంది, మనిషి పక్కకు తిరిగిపోయింది. అందరం కలిసి దిగిన ఫోటోలో మామ నడుమ ఉన్నాడు, కూతురు, అల్లుడు, బాపు, అమ్మ, నేను ఉన్నాం. అత్త ఒక కొసన పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని సగం తెగిపోయి ఉంది. కెమెరా కనబడగానే పక్కకు జరగడం ఆమెకు ఎంత అలవాటంటే, తన పెళ్లిలో కూడా జరిగింది. ఫోటోల్లో ఆమె కనబడకపోవడం మాకెంత అలవాటంటే, ఆ ఆల్బం ఏడాదిగా ఇంట్లో ఉన్నా, వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించినా, ఒక్కరికీ తట్టలేదు.

ఆయన ఇంకా కొన్ని లోపాలు చూపించాడు. పెళ్లికొడుకు ఏ ఫోటోలోనూ కెమెరా వైపు చూడటం లేదు. ఇద్దరూ రాసుకున్న సందేశాలు లేవు, ఎందుకంటే అత్త ఫోన్‌లో రాయదు. ఇద్దరూ పెద్దవయసువాళ్లు, ఇద్దరికీ రెండో పెళ్లి. కాగితం కోసం చేసుకున్న పెళ్లేమోనని అధికారులకు అనుమానం రావడానికి ఇంతకన్నా ఏం కావాలన్నాడు. ఒకసారి కాదన్నారంటే ఫైలు వెనక్కి వెళ్తుంది, మళ్లీ కదలడానికి ఏళ్లు పట్టవచ్చు. ఆయన దగ్గర ఉపాయం ఉంది. ఒక పూట చిన్న హాలు తీసుకుని, అదే చీర కట్టించి, దండలు వేయించి ఫోటోలు తీయించాలి. మామ సెలవు పెట్టి నాలుగు రోజులు వస్తే చాలు. ఫోటోల వెనుక పాత తేదీ వేసుకుంటే సరి.

తిరుగు బస్సులో బాపు అప్పుడే ఏ హాలు బాగుంటుందో ఆలోచిస్తున్నాడు. నేను వద్దన్నాను. 

ఇంటికి చేరాక వాదన మళ్లీ మొదలైంది. అమ్మ, అత్త కూడా ఉన్నారు. ప్రమాణం చేసి ఇచ్చే ఆధారంలో తేదీ అబద్ధం కాకూడదని నేను చెప్పాను. బాపు ఎన్నడూ ఏ వేదికా ఎక్కినవాడు కాదు. ఆ రోజు ఆయన అడిగినంత బలమైన ప్రశ్న నన్ను ఏ పోటీలోనూ ఎవరూ అడగలేదు.

"పెండ్లి నిజమైనంక ఫోటో అబద్ధమెట్లయితదే?"

పెళ్లి నిజమే, ఆ రోజు తీసిన ఫోటో అని చెప్పడం అబద్ధం అన్నాను. బాపు నా వైపు చూడకుండా, మగ్గం మీద చెయ్యి పెట్టి అన్నాడు. "నువ్వు చెప్పేది ధర్మమే కావొచ్చు. నీ ధర్మానికి మా అక్క ఈడ ఆగాల్నా?"

నియమం నాది, దాని మూల్యం కట్టవలసింది ఆమె. మామకు దూరంగా ఏళ్ల తరబడి మగ్గం కర్రకు ఫోన్ ఆనించుకుని బతకవలసింది ఆమె. సూత్రాన్ని కాపాడుకోవడానికి ఇంకొకరి జీవితాన్ని ఖర్చుపెట్టే హక్కు నాకు ఎవరిచ్చారు? అలాగని ఆ అబద్ధపు తేదీ కింద ఆమె చేత సంతకం పెట్టించడానికి నా చెయ్యి రాదు.

అత్త అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్నది. ఆల్బం తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పెండ్లి అయ్యింది తమ్మీ. మల్ల జేస్తే ముందుగాల అయింది కానట్టే గదా," అంది. తరువాత నా వైపు తిరిగింది. "బిడ్డా, నువ్వు వాళ్లకు రాయి. నేను అండ్లనే ఉన్న అని రాయి. యాడున్ననో నేను సూపిస్త."

ఆ మధ్యాహ్నం చాప మీద ఆల్బం పరిచి కూర్చున్నాం. అత్త ఒక్కో ఫోటో మీద వేలు పెట్టి చూపించింది. ఇది నా మోచెయ్యి. ఇవి నా పూలు. ఇది నేనే, తమ్ముడు నేసిన అంచు సూడు, గుంజిన కాడ ఎట్ల కనబడుతాందో. బాపు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అమ్మ కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. ఇక్కడెందుకు జరిగినవ్ వదినె, నీ పెండ్లిల గూడనా, అని అడిగింది. ఏమో, కాళ్లే జరిగినయ్, అంది అత్త.

నేను ఒక్కో ఫోటోకు ఒక గుర్తు పెట్టుకుంటూ పోతున్నాను. అందరం కలిసి దిగిన ఫోటోలో కొసన ఉన్న సగం అత్తకు గుర్తు పెట్టి, అలవాటుగా మళ్లీ నడుమనున్న మామ వైపు చూశాను. ఆయన కెమెరాను చూడటం లేదు. తల కొంచెం తిప్పి ఆ కొస వైపే చూస్తున్నాడు. వెనక్కి తిప్పాను. తలంబ్రాల ఫోటోలో కూడా ఆమె ఎటు తిరిగిందో అటే. తాళి ఫోటోలో వంచిన ఆ తల మీదే. ఏ ఫోటో చూసినా ఆయన కళ్లు ఉన్నచోట నుంచి ఒక గీత గీస్తే అది పోయి అత్తకు తగులుతున్నది. హైదరాబాదు ఆయన లోపమన్నది దీన్నే.

ఆ సాయంత్రం ఫోన్‌లో ఈ సంగతి చెబితే మామ కొంచెం సిగ్గుపడ్డాడు. ఫోటోగ్రాఫరు ఇటు చూడండి ఇటు చూడండి అంటూనే ఉన్నాడట. "ఆమె యాడికి పోతాందో అని సూస్తున్న బిడ్డా," అన్నాడు.

వాదనలో నాకు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. మన వాదంలోని బలహీనతను ఎదుటివాళ్లు పట్టుకునేదాకా ఆగకూడదు, మనమే ముందు సభ ముందు పెట్టాలి. నేను ఆ పద్ధతిలోనే అత్త తరఫున ప్రకటన రాశాను. ఈ ఫోటోల్లో పెళ్లికూతురు సరిగా కనిపించదు అని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. ఎందుకు కనిపించదో, భర్త పోయిన స్త్రీ మా ప్రాంతంలో శుభకార్యాల్లో ఎక్కడ నిలబడుతుందో, అన్నేళ్ల అలవాటు ఒక్క రోజులో ఎందుకు పోలేదో వివరించాను. ఏ ఫోటోలో ఆమె ఎక్కడుందో చెప్పాను. గుర్తుపట్టడం కష్టమైతే వరుడు ఎటు చూస్తున్నాడో అటు చూడవచ్చునని రాశాను. అత్త చదివించుకుని విని, ఒక మాట కలపమంది. అలిగి పక్కకు జరిగిన్నని అనుకుంటారేమో, సంతోషంగానే జరిగిన్నని రాయి. అదీ రాశాను. మామ వచ్చినప్పుడు కలిసి దిగుతామని, అవి ఆ రోజు తేదీతోనే పంపుతామని కూడా చేర్చాం. కానీ ఆయనకు సెలవు దొరక్కముందే ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.

అత్తా నేనూ మహబూబ్‌నగర్‌లో ముంబయి బస్సు ఎక్కాం. పాలమూరు నుంచి ఆ బస్సులో పోయేవాళ్లంతా పనికి పోయేవాళ్లే. మూటలు, వంటగిన్నెలు, పసిపిల్లలు. పక్క సీటులోని ఒకామె అత్తతో మాట కలిపి, ఏం పనికి పోతున్రు అక్కా అని అడిగింది.

"నాకు పెండ్లయిందని చెప్పనీకి పోతున్న," అంది అత్త.

ఆమె కాసేపు ఆలోచించి, చెప్తే కూలి ఎంత ఇస్తారని అడిగింది. అత్త నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. తరువాత చాలా దూరం ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. నేను చేతిలోని ఫైలు తెరిచి, అడగబోయే ప్రశ్నలకు జవాబులు మనసులో తయారుచేస్తూనే ఉన్నాను. లోపలికి నన్ను రానివ్వరని నాకు తెలుసు. అయినా తయారుచేశాను.

మర్నాడు ఉదయం అత్త బాపు నేసిన ఆ చీరే కట్టుకుని కాన్సులేట్ లోపలికి వెళ్లింది. నేను రోడ్డు అవతల చెట్టు నీడలో నిలబడ్డాను. జీవితంలో ఎన్నో పోటీల్లో నా వంతు కోసం ఎదురుచూశాను. మాట్లాడవలసింది నేను కానప్పుడు ఎదురుచూడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఆ ప్రకటన మొదటి వాక్యం అలా మొదలుపెట్టి ఉండకూడదేమో అని ఒకసారి అనిపించింది. బాపు మాట వినవలసిందేమో అని మరోసారి. హాలు, దండలు, తేదీ అన్నీ కళ్లముందు తిరిగాయి. ఎండ చెట్టు దాటి నా మీదికి వచ్చింది.

అత్త బయటికి వచ్చి, ముందు మంచినీళ్లు అడిగింది. తాగాక చెప్పింది. అద్దం అవతల ఒకాయన, ఆయన పక్కన తెలుగు చెప్పే ఒక అమ్మాయి. ఆ అమ్మాయిది కోస్తా మాట, కానీ మంచిగనే అర్థమయిందట. వంట ఎవరు చేస్తారని అడిగారు. ఆయనే చేసుకుంటడు, ఒక్కణ్నే తిననీకి చాతగాదు అని చెప్పింది. రోజూ ఏం మాట్లాడుకుంటారని అడిగారు. ఎక్కువ మాట్లాడుకోం అని చెప్పింది. అధికారి మళ్లీ అడిగించాడట, మరి అన్నేసి గంటలు ఫోన్‌లో ఏం చేస్తారని. ఆయన వండుకుంటడు, నేను నేస్త అంది.

చివరకు అందరం కలిసి దిగిన ఫోటో చూపించి, ఇందులో మీరెక్కడ అని అడిగారు. అత్త చెప్పబోయింది. ఆ అధికారి చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. తన వేలు మామ ముఖం మీద పెట్టాడు. అక్కడ నుంచి మెల్లగా ఫోటో మీద జరుపుకుంటూ వెళ్లి, కొసన పళ్లెం పట్టుకున్న సగం మనిషి దగ్గర ఆపి, కళ్లెత్తి అత్తను చూశాడట.

"అప్పుడు నువ్వేమన్నవ్?" అన్నాను.

"అవును సార్, నేనే అన్న. పాస్‌పోర్ట్ తీసి పెట్టుకున్నడు. వీసా ఇస్తరంట." సీసా మూత బిగిస్తూ నన్ను చూసి నవ్వింది. "వాళ్లు నీకన్న నయం బిడ్డా. నువ్వు మీ మామను అడిగినన్ని వాళ్లు నన్ను అడగలే."

ప్రయాణం ముందురోజు ఊళ్లోని స్టూడియో అతన్నే ఇంటికి పిలిచాం. రెండు మగ్గాల ముందు అందరం నిలబడ్డాం, నడుమ అత్త. పొయ్యి మీద పాలున్నాయంది. నేను ముందే దించేశానని అమ్మ చెప్పింది. ఇంక వంక లేక నిలబడింది. ఆ సాయంత్రమే ఫోటో వచ్చాక చూస్తే అత్త నిండుగా, తల నుంచి పాదాల దాకా ఉంది. భుజం మాత్రం ఒక పక్కకు వాలింది, అడుగు కదపబోతున్నట్టు. కదలకపోవడానికి కారణం కింద కనిపిస్తున్నది. వెనుక నుంచి అమ్మ చెయ్యి వచ్చి, అత్త కొంగును పిడికిట్లో గట్టిగా పట్టుకుని ఉంది. అందరం కెమెరా వైపు చూస్తుంటే అమ్మ ఒక్కతే తన పిడికిలి వైపు చూసుకుంటున్నది.

ఆ ఫోటో ఏ దరఖాస్తుకూ అక్కర్లేదు. మామకు పంపించాం. వెంటనే ఫోన్ చేశాడు. అత్త ఫోన్‌ను మగ్గం కర్రకు ఆనించింది. మామ ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూస్తూ, చెల్లె చెయ్యి ఏం చేస్తున్నదక్కడ అని అడిగాడు.

రాట్నం దగ్గర నుంచి అమ్మ ముందుకు వంగింది.

"ఈడిదాక నేను పట్టుకున్న అన్నా. ఇంగ మీరు పట్టుకోండ్రి."

నేనేమన్న తప్పిపోయే మేకనా అని గొణుగుతూ అత్త చాయ పెట్టడానికి లేవబోయింది. అమ్మ కూర్చోబెట్టింది. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాను.